పదిహేను వేల లోపు మైటర్ సా: ఇంట్లో చెక్కపనికి ఏది కొనాలి?

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ హార్డ్‌వేర్ షాపుకు వెళ్ళి "కటింగ్ మిషన్ చూపించండి" అంటే మూడు రకాల వస్తువులు బల్ల మీదికి వస్తాయి. ఇనుము కోసే 14 అంగుళాల చాప్ సా ఒకటి. బండలు కోసే 4, 5 అంగుళాల మార్బుల్ కట్టరు రెండోది. అల్యూమినియం కిటికీలు, పార్టిషన్లు బిగించేవాళ్ళు వాడే 10 అంగుళాల మిషను మూడోది. చెక్కపనికి కావలసింది ఈ మూడోదే. దీని పేరే మైటర్ సా. కాకపోతే మన ఊళ్ళలో దాన్ని ఎక్కువగా కొనేది అల్యూమినియం పనివాళ్ళు గనుక, షాపులో దానికి 'అల్యూమినియం కటింగ్ మిషన్' అన్న పేరే స్థిరపడిపోయింది. చెక్కకు వేరే ఇంకేదో ఉంటుందేమోనని వెతుక్కుంటూ తిరగనక్కర్లేదు.

మా సలహా ముందే చెప్పేస్తాం. అభిరుచి కోసం చెక్కపని చేసుకునేవాళ్ళకు 10 అంగుళాల బ్లేడుతో, స్లైడు (తల ముందుకూ వెనక్కూ జరిగే పట్టాలు) లేని, తల (మోటారు, బ్లేడు ఉండే భాగం) ఒకవైపుకు మాత్రమే వాలే కాంపౌండ్ మైటర్ సా, అంటే కోణంలో తిరగడమే కాక పక్కకు వాలేది కూడా, చాలు. మిగిలిన డబ్బు బ్లేడు మీద పెట్టండి. ఎందుకో, ఎవరికి ఇది కూడా అక్కర్లేదో కింద చూడండి.

ముందుగా పక్కన పెట్టాల్సినవి

ఇనుము కోసే చాప్ సాకు చెక్క బ్లేడు బిగించి వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. వద్దు. అది రాపిడి చక్రం కోసం చేసిన మిషను. చెక్క బ్లేడుకు పళ్ళు ఉంటాయి, ఆ పళ్ళు చెక్కను పట్టుకుని లాగుతాయి. పళ్ళను పూర్తిగా కప్పి, తల దిగేకొద్దీ తెరుచుకునే కింది గార్డు అందులో ఉండదు. పైగా దాని కంచెతో (చెక్కను ఆనించే నిలువు అడ్డుతో) మూలలు అతికేంత కచ్చితమైన కోణం రాదు. ఇనుప గొట్టానికి అర డిగ్రీ తేడా ఉంటే వెల్డింగు కప్పేస్తుంది; ఫోటో ఫ్రేముకు ఆ సౌకర్యం లేదు.

మార్బుల్ కట్టరు విషయం మరీ ముఖ్యం. చీమకుర్తి గ్రానైట్ పక్కనే ఉన్న ప్రాంతం కాబట్టి ఈ కట్టరు లేని వీధి ఉండదు. దానికి 4 అంగుళాల చెక్క బ్లేడు కూడా దొరుకుతుంది, వడ్రంగులు వాడతారు కూడా. కొందరు దాన్ని బల్ల కింద తలకిందులుగా బిగించి వాడతారు. చేయి తిరిగిన మేస్త్రి చేస్తున్నాడు కదా అని కొత్తవాళ్ళు మొదలుపెట్టాల్సిన పని కాదది. నిమిషానికి 12,000 చుట్లకు పైగా తిరిగే మిషను అది. 110 మి.మీ. బ్లేడుతో లోతు 30 మి.మీ. పైచిలుకు మాత్రమే వస్తుంది. చెక్క బిగుసుకుని బ్లేడును నొక్కిందంటే మిషను చేతిలోంచి వెనక్కి తన్నుకొస్తుంది. అలా వచ్చినప్పుడు బ్లేడును కప్పేది ఏమీ ఉండదు.

అసలు మీకు మైటర్ సా కావాలా?

మైటర్ సా చేసే పని ఒక్కటే: పొడుగాటి చెక్కను అడ్డంగా, కావలసిన కోణంలో, ఎన్నిసార్లయినా ఒకేలా తుంచడం. నిలువునా చీల్చడం దానితో కుదరదు. కుదిరేలా చేద్దామని ప్రయత్నించకూడదు కూడా. పలక పొడవునా చీల్చాలన్నా, ప్లైవుడ్ షీటు కోయాలన్నా 7 అంగుళాల సర్క్యులర్ సా కొని, నిటారుగా ఉన్న అల్యూమినియం పట్టీ ఒకటి క్లాంపులతో బిగించుకుంటే అది చౌక, అదే మేలు. మీరు చేసేవి ఎక్కువగా అలమరాలు, టేబుల్ టాపులు అయితే మీ మొదటి మిషను సర్క్యులర్ సా, మైటర్ సా కాదు.

ఏడాదికి నాలుగైదు ఫోటో ఫ్రేములు చేసుకునేవాళ్ళు కూడా ఆగి ఆలోచించండి. ప్లాస్టిక్ మైటర్ బాక్సు (రంపాన్ని కోణం తప్పకుండా నడిపే గాళ్ళున్న పెట్టె), సన్న పళ్ళ వెన్ను రంపం వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతాయి. ప్లాస్టిక్ బాక్సు గాడి త్వరగా అరిగి వదులవుతుంది, కోత కాస్త అటూ ఇటూ పోతుంది. అందుకని ఆ పట్టీని 45 డిగ్రీల దిమ్మ బిగించిన పలక మీద పెట్టి, చిత్రికతో కోసిన అంచును రెండు దూసులు దూస్తే మూల అతికిపోతుంది. కరెంటు మిషను కంటే శుభ్రమైన మూల ఇలాగే వస్తుంది, కాకపోతే ఓపిక కావాలి.

స్టూళ్ళు, పూలకుండీల స్టాండ్లు, చట్రాలు, బీడింగు, దీపాల పెట్టెలు, పిల్లల మంచాలు వంటివి చేసేవాళ్ళకు, ఒకే కొలతలో పదేసి ముక్కలు కావలసినవాళ్ళకు మైటర్ సా నిజంగా పనికొస్తుంది.

సైజు, స్లైడు

షాపుల్లో, ఆన్‌లైన్‌లో కనిపించేవి మూడు సైజులు: 8¼ లేదా 8½ అంగుళాలు (210 లేదా 216 మి.మీ.), 10 అంగుళాలు (254, 255 మి.మీ.; కొన్ని 260), 12 అంగుళాలు (305 మి.మీ.).

12 అంగుళాలది అభిరుచికి వద్దు. బరువెక్కువ, బ్లేడు ఖరీదెక్కువ, పెద్ద బ్లేడు పలచగా ఉంటే అంచు దగ్గర ఊగుతుంది కూడా. చిన్న 8¼, 8½ అంగుళాలది చూడటానికి ముద్దుగా, చౌకగా ఉంటుంది గానీ దానికి బ్లేడు అరిగిన రోజున కావలిలోనో కందుకూరులోనో వెతికి చూడండి. 10 అంగుళాల బ్లేడు మాత్రం అల్యూమినియం వాళ్ళ పుణ్యమా అని ప్రతి పెద్ద టూల్స్ షాపులోనూ ఉంటుంది. మేము 10 అంగుళాలకు ఓటేసేది సగం ఈ కారణంగానే.

కోత ఎంత వస్తుందో చూద్దాం. స్లైడు లేని 10 అంగుళాల వర్గంలో పాతకాపు మకిటా ఎల్ఎస్ 1040. దానిది 260 మి.మీ. బ్లేడు, 1650 వాట్లు, బరువు 11 కిలోలు. నిటారు కోతలో 69 మి.మీ. మందం, 130 మి.మీ. వెడల్పు తుంచుతుంది, మందం 93 అయితే వెడల్పు 95కు తగ్గుతుంది. మిగతా కంపెనీల 10 అంగుళాల మిషన్లూ దీనికి దగ్గరగానే ఉంటాయి. తలను 45 డిగ్రీలకు తిప్పితే వెడల్పు సుమారు 90 మి.మీ.కు పడిపోతుంది.

టింబర్ డిపో భాషలో చెప్పాలంటే 2 అంగుళాల బీడింగు, 3×2, 4×2 చట్రాలు హాయిగా కోయొచ్చు. 5×3 గుమ్మం చెక్క అంటే 127×76 మి.మీ.; దాన్ని పడుకోబెడితే మందం మిగిలిపోతుంది, ఒకసారి కోసి బోర్లా తిప్పి మళ్ళీ కోయాలి. 8, 10 అంగుళాల అర పలకలు మాత్రం దీనికి అందవు.

అక్కడే స్లైడు మిషను ఊరిస్తుంది. తల పట్టాల మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది కాబట్టి చిన్న బ్లేడుతోనే వెడల్పు పలక తెగుతుంది. బాష్ జీసీఎం 8 ఎస్‌జేఎల్ 216 మి.మీ. బ్లేడుతో 70 మి.మీ. మందం, 312 మి.మీ. వెడల్పు కోస్తుంది. మంచి స్లైడు మిషను నిజంగా మంచిదే. చిక్కల్లా చౌక స్లైడుతోనే. పట్టాలకు, బుషులకు మధ్య వెంట్రుకవాసి వదులు ఉన్నా, తల పూర్తిగా ముందుకు లాగినప్పుడు బ్లేడు పక్కకు ఊగుతుంది. కోత మొదట్లో ఒక కోణం, చివర్లో ఇంకో కోణం. పొట్టు పట్టాల మీద చేరితే అది ఇంకా ముదురుతుంది. పది వేలలో స్లైడు కొనడం కంటే అదే పది వేలలో స్లైడు లేనిది కొనడం మేలు, ఎందుకంటే ఆ డబ్బు కదిలే భాగాల సంఖ్య మీద కాకుండా వాటి బిగువు మీద ఖర్చయి ఉంటుంది. నెలకోసారి ఎదురయ్యే 10 అంగుళాల పలకను సర్క్యులర్ సాతో కోసుకోవచ్చు. స్లైడే కావాలంటే పాతిక వేలు పైనే అనుకుని దిగండి.

తల రెండు వైపులా వాలేది కూడా ఈ పనులకు అనవసరం. పలకను తిప్పి పెట్టుకుంటే ఒకవైపు వాలేదానితోనే పని జరిగిపోతుంది. లేజర్ గీత చూసి మోసపోవద్దు. చౌక మిషన్లలో అది సరిగ్గా కోత మీద పడటం అరుదు. బ్లేడును చెక్క మీదికి దించి, పెన్సిలు గీతకు పళ్ళు ఎటువైపు ఆనుతున్నాయో చూసుకోవడమే పద్ధతి.

బ్లేడు: అసలు సంగతి ఇక్కడుంది

డబ్బాలో వచ్చే బ్లేడు సాధారణంగా నాసిరకం, లేదా అల్యూమినియానికి సరిపోయే 100, 120 పళ్ళది. ఇది చెక్కను కోస్తుంది గానీ మందం చెక్కలో పళ్ళ మధ్య పొట్టుకు చోటు చాలక రాపిడి పుడుతుంది, కోసిన ముఖం నల్లగా మాడుతుంది. మిషను బలం చాలడం లేదని అనుకుంటారు, లోపం బ్లేడుది.

చెక్కకు 60 పళ్ళది అన్నిటికీ పనికొస్తుంది. ఫ్రేములు, బీడింగు మాత్రమే అయితే 80. తడిగా ఉన్న ముతక చెక్క కొలతకు తుంచడానికి 40 చాలు. పళ్ళు కార్బైడువే అయి ఉండాలి. టేకులో సిలికా ఉంటుంది, ఉత్త ఉక్కు పళ్ళను త్వరగా మొద్దుబారుస్తుంది. పన్ను ముందుకు వాలిన కోణాన్ని హుక్ అంటారు. మైటర్ సాకు అది సున్నాకు దగ్గరగా, +5 నుంచి -5 డిగ్రీల మధ్య ఉండాలి. 15, 20 డిగ్రీల హుక్ ఉన్న చీల్చుడు బ్లేడు బిగిస్తే అది చెక్కను కంచె మీదికి ఎగదన్ని లాగేస్తుంది, స్లైడు మిషనులో తలే మీదికి దూకుతుంది.

నడిమి కన్నం చూసుకోకుండా బ్లేడు కొనొద్దు. 25.4, 30 మి.మీ. రెండూ మార్కెట్లో ఉన్నాయి, కొన్ని మిషన్లకు 25. కన్నం 30 ఉండి ఇరుసు 25.4 అయితే లోహపు రింగు బిగుతుగా కూర్చోవాలి. కాగితమో టేపో చుట్టడం కుదరదు. 25 మి.మీ. ఇరుసు మీద 25.4 బ్లేడు కూర్చున్నట్టే ఉంటుంది గానీ పక్కకు జరిగి కూర్చుంటుంది, అదురు వస్తుంది. బ్లేడు మీద రాసిన గరిష్ఠ ఆర్.పి.ఎం. (నిమిషానికి చుట్లు) మిషను ఆర్.పి.ఎం. కంటే ఎక్కువ ఉండాలి. 5,000 చుట్ల దగ్గర 10 అంగుళాల బ్లేడు పన్ను సెకనుకు 66 మీటర్లకు పైగా పరుగెడుతుంది, గంటకు దాదాపు 240 కిలోమీటర్లు. ఆ వేగంలో ఊడిన పన్ను ఏం చేస్తుందో ఊహించుకోండి.

బ్లేడు మార్చేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది: ఇరుసు బోల్టు ఎడమ మర. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే వదులవుతుంది. అలవాటు కొద్దీ రెండోవైపు బలంగా తిప్పి బోల్టు తల అరగదీసినవాళ్ళు చాలామంది ఉన్నారు. ప్లగ్గు పీకాకే చేయి పెట్టాలి.

షాపులో చూడాల్సినవి

డబ్బా తెరిపించండి. కరెంటు పెట్టకముందే తలను సగం దించి, పిడి పట్టుకుని మెల్లగా పక్కకు నెట్టి చూడండి. కీలు దగ్గర టకటకలాడితే అది వద్దు, ఎంత పేరున్న కంపెనీదైనా సరే. స్టీలు స్కేలు ఒకటి వెంట తీసుకెళ్ళి కంచె రెండు ముక్కలకూ ఆనించండి; రెండూ ఒకే గీతలో ఉండాలి. మధ్యలో వెలుతురు కనిపిస్తే సరిచేసే వీలుందో లేదో అడగండి. పోతలోనే వంకర ఉంటే వీలుండదు. బల్లను తిప్పుతూ 0, 22.5, 45 దగ్గర గాడిలో టక్కున పడి కదలకుండా నిలుస్తుందో లేదో చూడండి. కింది గార్డు ఎత్తి వదిలితే దానంతట అది పూర్తిగా మూసుకోవాలి.

తర్వాత అడగాల్సింది కార్బన్ బ్రష్షులు. ఈ మోటార్లన్నీ బ్రష్షుల మీద తిరిగేవే, అవి అరుగుతాయి. అదే షాపులో ఒక జత బ్రష్షులు అప్పుడే ఇవ్వగలిగితే ఆ కంపెనీకి సరుకు ఉన్నట్టు. సర్వీసు సెంటరు మీ ఊళ్ళో ఉందా, మిషనును చెన్నైకో విజయవాడకో పంపుతారా అన్నది కొనే ముందే తేల్చుకోండి. మన దగ్గర వ్యవసాయ మోటార్లు చుట్టే వైండింగు షాపులు వీధికొకటి ఉన్నాయి గానీ ఈ చిన్న ఆర్మేచర్లు (మోటారులో తిరిగే తీగ చుట్టిన భాగాలు) చుట్టడం అందరూ చెయ్యరు. చేసినా తూకం తప్పి మిషను అదురుతుంది. కొత్త ఆర్మేచర్ దొరికే కంపెనీ కావాలి.

అందుకే తక్కువ ధర బ్రాండు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడానికీ, రెండు మూడు వేలు ఎక్కువ పెట్టి ఊళ్ళో మనిషి దగ్గర కొనడానికీ మధ్య మేము రెండోదే చెబుతాం. మిషను బరువైనది, రవాణాలో కంచె వంగిందంటే తిరిగి పంపడం మాటలు కాదు.

కరెంటు

1650 వాట్లంటే 230 వోల్టుల దగ్గర 7 ఆంపియర్ల పైచిలుకు, స్విచ్ నొక్కిన క్షణంలో అంతకు చాలా ఎక్కువ. 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గులో పెడితే పిన్నులు కాలతాయి. గీజరుకో ఏసీకో వేసిన 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు వాడండి. ఎక్స్‌టెన్షన్ తప్పకపోతే 10 మీటర్ల లోపు 1.5 చదరపు మి.మీ. రాగి తీగ, అంతకు మించితే 2.5. చుట్ట విప్పేసి వాడాలి. చుట్టలోనే ఉంచితే వేడెక్కుతుంది. ఎండాకాలం సాయంత్రాల్లో వోల్టేజి పడిపోయే ఊళ్ళలో మిషను గొంతు మారడం వినిపిస్తుంది. అప్పుడు బలంగా నొక్కి కోస్తే ఆర్మేచర్ మాడుతుంది. ఇంటి ఇన్వర్టరుతో నడపాలని చూడొద్దు.

ఇంటికి తెచ్చాక మొదటి గంట

18 మి.మీ. ప్లై మీద నాలుగు బోల్టులతో బిగించండి. రెండు పక్కలా మిషను బల్ల ఎత్తుకు సమంగా చెక్క దిమ్మలు పెట్టండి. పొడుగు చెక్క చివర వాలితే కోత చివర్లో బ్లేడును నొక్కుతుంది. మూలమట్టం బల్ల మీద నిలబెట్టి బ్లేడు రేకుకు ఆనించి చూడండి, పళ్ళకు తగలకుండా.

తర్వాత తిప్పి చూసే పరీక్ష. 100 మి.మీ. వెడల్పు, రెండు అంచులూ సమాంతరంగా ఉన్న పలకను 0 దగ్గర కోయండి. ఒక ముక్కను బోర్లా తిప్పి, రెండిటినీ స్కేలుకు ఆనించి కోసిన ముఖాలు కలపండి. కనిపించే సందు అసలు తప్పుకు రెట్టింపు. 1 మి.మీ. సందు ఉందంటే తప్పు 0.29 డిగ్రీ. ఇంతేనా అనిపిస్తుంది. ఫ్రేముకు 8 కోతలు. అన్నీ ఒకే వైపుకు తప్పితే చివరి మూలలో 2.3 డిగ్రీలు చేరతాయి, 50 మి.మీ. పట్టీలో అది 2.8 మి.మీ. సందు. కంచె బోల్టులు వదులు చేసి సరిచేయండి.

సరిచేశాక కూడా మిగిలే కాస్త తప్పును మింగేసే ఉపాయం ఒకటుంది. ప్రతి పట్టీకి ఒక చివర బల్లను కుడికి 45 తిప్పి, రెండో చివర ఎడమకు 45 తిప్పి కోయండి. కంచె వంకర ఉంటే ఒకటి 45 కంటే కాస్త ఎక్కువ, రెండోది అంతే తక్కువ వస్తాయి. మూలలో కలిసినప్పుడు మొత్తం 90 అవుతుంది. ఒకే వైపు పెట్టి పట్టీని బోర్లా తిప్పుకుంటూ పోతే తప్పు కూడుతూ పోతుంది. గాజు గాడి ఉన్న ఫ్రేము పట్టీని ఎలాగూ బోర్లా తిప్పలేం.

కింది వైపు పేళ్ళు లేస్తుంటే 6 మి.మీ. ఎం.డి.ఎఫ్. ముక్కను బల్ల మీద రెండువైపులా అతికే టేపుతో అంటించి, దానితో సహా కోయండి. బ్లేడు పట్టేంత సందే మిగులుతుంది కాబట్టి నారలకు ఆసరా ఉంటుంది. కోత అయ్యాక బ్లేడు పూర్తిగా ఆగేదాకా తల ఎత్తొద్దు. చిన్న ముక్కలు ఎగిరేది సరిగ్గా అప్పుడే. చెయ్యి బ్లేడుకు 6 అంగుళాల దూరంలో ఉండాలి. అంతకంటే చిన్న ముక్కకు క్లాంపు. వంపు తిరిగిన చెక్కకు ఉబ్బిన వైపు కంచెకు ఆనాలి, లేకపోతే కోత మధ్యలో మూసుకుని బ్లేడును పట్టేస్తుంది. సరుగుడు వాసాల్లాంటి గుండ్రటివాటిని వి ఆకారపు దిమ్మలో పెట్టి బిగించకుండా కోయొద్దు, దొర్లుతాయి.

మన దగ్గర దొరికే చెక్క

టేకు, వేప, తుమ్మ, మామిడి ఈ మిషనుకు ఇబ్బంది కాదు. తుమ్మను మాత్రం నెమ్మదిగా దించాలి. సుబాబుల్, జామాయిల్ చౌకగా వస్తాయి గానీ పచ్చిగా ఉన్నప్పుడు కోసిన కొలత ఆరాక నిలవదు, జామాయిల్ మెలిదిరుగుతుంది. రాపూరు, ఉదయగిరి వైపు ఎవరైనా ఎర్రచందనం ముక్క ఇస్తామంటే దండం పెట్టి వచ్చేయండి, అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరం.

కృష్ణపట్నం రేవు లాంటి చోట్ల నుంచి పాత పైన్ ప్యాలెట్లు (సరుకు పేర్చే చెక్క చట్రాలు) బయటికొస్తుంటాయి. నేర్చుకునేవాళ్ళకు ఇంతకంటే మంచి చెక్క లేదు. ముద్రలో హెచ్.టి. అని ఉంటే వేడితో శుద్ధి చేసినది; ఎం.బి. అని ఉంటే విష వాయువు పట్టించినది, ఇంట్లోకి తేవద్దు. కోసే ముందు అయస్కాంతం నడిపి మేకులు తీయండి. ఒక్క మేకు చాలు, 60 పళ్ళలో నాలుగు పోతాయి.

వాన కాలంలో, అంటే మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, చేసిన ఫ్రేము మూలలు ఎండాకాలానికి లోపలి వైపు విచ్చుకుంటాయి. చెక్క వెడల్పు తగ్గుతుంది, పొడవు దాదాపు తగ్గదు, దాంతో 45 కాస్తా 45 కాకుండా పోతుంది. అది మిషను తప్పు కాదు. వెడల్పు పట్టీలకు ఇది మరీ ఎక్కువ, 40 మి.మీ. లోపు పట్టీలతో చేస్తే కనిపించదు. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఇరుసుకు, పట్టాలకు, బ్లేడుకు వారానికోసారి పలచగా మిషను నూనె రాసి తుడవండి.

పాతది కొనొచ్చా

అల్యూమినియం పనివాళ్ళు కొత్తది తీసుకున్నప్పుడు పాతవి అమ్ముతారు, సగం ధరకు వస్తాయి. కీలు వదులు, బల్ల 45 గాడి అరుగుదల మొదట చూడండి. కిటికీ చట్రాలన్నీ ఆ ఒక్క కోణంలోనే కోస్తారు కాబట్టి అరిగేది ఆ గాడే. మోటారు గాలి కన్నాల్లోకి టార్చి వేసి అల్యూమినియం రజను చూడండి. ఉత్త మిషను నడిపించి, ఆపి, బ్లేడును చేత్తో తిప్పితే బేరింగు గరగర తెలుస్తుంది. బేరింగు మార్చడం తేలిక, బేరమాడటానికి అది మంచి కారణం. గాడి అరిగిందంటే మాత్రం ఎంతకిచ్చినా వద్దు.